హెవీవెయిట్లు ఎక్కడ పుడతారు?

(మామయ్య ప్రభుత్వ హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మేనల్లుడు బాక్సింగ్ చరిత్రను పట్టుబట్టి చదువుతున్నవాడు. ఆ ఆటంటే ఇద్దరికీ ప్రాణం. అభిప్రాయాలు మాత్రం కలవవు.)

మామయ్య: 2025 జులైలో వెంబ్లీలో ఆ ఉసిక్ ఏం కొట్టాడ్రా! డేనియల్ డుబ్వా అయిదో రౌండు దాటలేదు. ప్రపంచ టైటిల్ బెల్టులు నాలుగూ మళ్లీ ఒక్కడివే అయ్యాయి. మా కాలంలో హెవీవెయిట్ చాంపియన్ అంటే అమెరికావాడే. ఫ్రేజియర్, ఫోర్‌మన్, అలీ, హోమ్స్, ఆ తర్వాత టైసన్. ఇప్పుడు ఉక్రెయిన్‌వాడు, ఇంగ్లండువాడు తేల్చుకుంటుంటే అమెరికావాడు కూర్చుని చూస్తున్నాడు. నన్నడిగితే దీనికి కారణం ఒకటే. వాళ్లకి కడుపు నిండింది. హెవీవెయిట్‌ని కనేది ఆకలి.

మేనల్లుడు: ఆకలే కంటే ప్రపంచంలో సగం దేశాలకి తలా ఒక చాంపియన్ ఉండాలి కదా మామయ్యా.

మామయ్య: తొందరపడకు, వరసగా చెప్తాను విను. జాన్ ఎల్. సలివాన్ ఎవరు? బోస్టన్‌లో బతకడానికొచ్చిన ఐరిష్ వాళ్ల కొడుకు. డెంప్సీ గూడ్సు రైళ్లెక్కి ఊరూరా తిరిగి, బార్లలో పందేలు కాసి కొట్లాడినవాడు. బ్రాడక్ ఓడరేవులో కూలిపని చేశాడు, ప్రభుత్వం ఇచ్చే సాయం డబ్బుతో పిల్లల్ని సాకాడు, అదే బ్రాడక్ 1935లో మాక్స్ బేర్‌ని ఓడించాడు. మార్సియానో తండ్రి చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుడు. జో లూయిస్ అలబామాలో కౌలు రైతు ఇంట పుట్టాడు. లిస్టన్ జైల్లో గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఫోర్‌మన్, టైసన్ కుర్రతనంలో వీధి రౌడీలు. మొదట ఐరిష్ వాళ్లు, తర్వాత ఇటాలియన్లు, తర్వాత నల్లవాళ్లు. అమెరికాలో ఏ కాలానికి ఎవరు అట్టడుగున ఉంటే బెల్టు వాళ్ల దగ్గర ఉంది. ఇంతకన్నా రుజువేం కావాలి?

మేనల్లుడు: మీరు చెప్పిన కథలనే మళ్లీ చెప్తాను. వాటిలో మీరు వదిలేసిన మనిషి ఒకడున్నాడు. లూయిస్ గ్లవ్స్ తొడుక్కున్నది డెట్రాయిట్ నగరపాలక సంస్థ నడిపే బ్రూస్టర్ వినోద కేంద్రంలో. లిస్టన్ చేత ప్రాక్టీసు మొదలుపెట్టించింది జైల్లో ఒక ఫాదరీ. ఫోర్‌మన్‌ది మరీ స్పష్టం. అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం పేద కుర్రాళ్లకి పని నేర్పడానికి పెట్టిన జాబ్ కోర్‌లో చేరాడు. అక్కడ డాక్ బ్రాడస్ అనే కోచ్ అతన్ని చూశాడు. 1968లో మెక్సికోలో ఒలింపిక్ బంగారం. టైసన్ బాల నేరస్థుల పాఠశాలలో ఉండగా అక్కడి ఉద్యోగి బాబీ స్టూవర్ట్ నేర్పి, కస్ డమాటో అనే కోచ్‌కి అప్పగించాడు. ఆకలి వాళ్లందరికీ ఉంది, కాదనను. ఆ వీధుల్లో వేలమందికి ఉంది. వేలల్లోంచి ఒకణ్ణి రింగు దాకా తీసుకెళ్లింది, ఎవరో ఒకరు జీతం ఇచ్చి కూర్చోబెట్టిన ఒక మనిషి.

మామయ్య: అలీ మాటేమిటి మరి? అతను ఎవరూ తీసుకురాకుండానే వచ్చాడుగా.

మేనల్లుడు: అలీ తండ్రి బోర్డులకి రంగులేసే పెయింటరు, ఇల్లు సొంతం. తిండికి లోటు లేదు. 1954లో, పన్నెండేళ్ల వయసులో, సైకిలు పోయిందని ఏడుస్తూ పోలీసు కోసం వెతికాడు. దొరికిన పోలీసు జో మార్టిన్, అదే భవనం కింది అంతస్తులో కుర్రాళ్లకి బాక్సింగ్ నేర్పేవాడు. ఆరేళ్ల తర్వాత రోమ్‌లో స్వర్ణం. ప్రొఫెషనల్ అయ్యాక మొదటి ఏళ్ల ఖర్చు భరించింది లూయీవిల్‌లోని పదకొండుమంది ధనవంతుల బృందం. అలీ లాంటి ప్రతిభ వందేళ్లకొకటి పుడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ భవనంలో జిమ్ లేకపోతే ఆ పోలీసు సైకిలు దొంగతనం రాసుకుని పంపించేసేవాడు.

మామయ్య: సరే, ఆకలిని కాసేపు పక్కన పెడదాం. ఒంటి సంగతి తేల్చు. హెవీవెయిట్ అంటే తొంభై కేజీల పైమాట. క్లిచ్కో అన్నదమ్ములు ఆరున్నర అడుగులకి తగ్గనివాళ్లు. ఫ్యూరీ ఆరడుగుల తొమ్మిదంగుళాలు. లెన్నాక్స్ లూయిస్ ఆరడుగుల అయిదు. ఇలాంటి ఒళ్లు అన్ని జాతుల్లోనూ ఒకే లెక్కన పుట్టవు. థాయిలాండ్‌లో కోచ్‌లు లేరా? ఫిలిప్పీన్స్‌లో లేరా? చిన్న బరువుల్లో వాళ్లకి తిరుగే లేదు. పెద్ద బరువులో ఒక్కడు చూపించు.

మేనల్లుడు: ఒళ్లు లేనిదే పని జరగదు, నిజం. అయితే ఒళ్లు ఉంటే చాలా? ప్రపంచంలో అందరికన్నా పొడుగైన మగవాళ్లు నెదర్లాండ్స్‌లో ఉన్నారు. సగటు ఎత్తే దాదాపు 183 సెంటీమీటర్లు. ఆ దేశం నుంచి ఇంతవరకూ ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ ఒక్కడూ లేడు.

మామయ్య: మెత్తని మనుషులేమో. సుఖంగా బతికే దేశం కదా.

మేనల్లుడు: అదే అనుకుంటారని చెప్పలేదు మిగతాది. జపాన్‌లో కె-1 అని కిక్ బాక్సింగ్ టోర్నమెంటు జరిగేది. హెవీవెయిట్ల పోటీ, ఒకే రాత్రి ముగ్గురిని కొట్టాలి. పీటర్ ఆర్ట్స్ మూడుసార్లు గెలిచాడు. ఎర్నెస్టో హూస్ట్ నాలుగుసార్లు. రెమీ బోన్యాస్కీ మూడు. సెమీ షిల్ట్ నాలుగు. నలుగురూ డచ్చివాళ్లే. 1970లలో కొందరు డచ్చి కరాటే వీరులు జపాన్ వెళ్లి కిక్ బాక్సింగ్ నేర్చుకుని ఆమ్‌స్టర్‌డామ్‌లో జిమ్‌లు పెట్టారు. దెబ్బలకి ఓర్చుకునే పొడుగాటి కుర్రాళ్లందరూ ఆ జిమ్‌లకి పోయారు. బాక్సింగ్ రింగుకి మిగిలింది తక్కువ. అదే ఒళ్లు, అదే గుండె. పక్కవీధిలో ఏ జిమ్ ఉందన్నదొక్కటే తేడా. న్యూజిలాండ్ చూడండి. సమోవా మూలాలున్న భారీ కుర్రాళ్లకి కొదవ లేదు. వాళ్లని మొదట ఎగరేసుకుపోయేది రగ్బీ. అయినా అరకోటి జనాభా ఉన్న దేశం నుంచి డేవిడ్ టువా వచ్చాడు, 2016లో జోసెఫ్ పార్కర్ ఒక ప్రపంచ బెల్టు గెలిచాడు. రగ్బీ వదిలేసిన కొద్దిమందిలోంచి వచ్చింది ఇంత.

మామయ్య: అంటే అమెరికాలో జరిగింది కూడా ఇదే అంటావు.

మేనల్లుడు: అంతకన్నా పెద్ద ఎత్తున. అమెరికన్ ఫుట్‌బాల్ లీగులో 32 జట్లు, జట్టుకి 53 మంది. దాదాపు పదిహేడు వందల భారీ శరీరాలకి అక్కడే ఉద్యోగం. బాస్కెట్‌బాల్ లీగులో ఇంకో 30 జట్లు. వాటి కింద వందలాది కాలేజీ జట్లు, చదువుకి స్కాలర్‌షిప్పు, ప్రతి హైస్కూల్లో కోచ్. బాక్సింగ్‌కి ఆ మెట్లు లేవు. ఒకప్పుడు కాలేజీల్లో ఉండేది. 1960లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం కుర్రాడు చార్లీ మోర్ జాతీయ పోటీలో దెబ్బతిని చనిపోయాడు. అంతటితో కాలేజీల జాతీయ పోటీలే ఆగిపోయాయి. డియాంటే వైల్డర్ అలబామాలో పుట్టి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కలలు కన్నాడు. కూతురు వెన్ను జబ్బుతో పుట్టింది, వైద్యానికి డబ్బు కావాలి. ఇరవయ్యో ఏట జిమ్‌కి వచ్చాడు. మూడేళ్లలో బీజింగ్ ఒలింపిక్స్ కాంస్యం, 2015లో ప్రపంచ టైటిల్. హెవీవెయిట్, సూపర్ హెవీవెయిట్ అనే రెండు పెద్ద బరువుల్లో అమెరికాకి చివరి ఒలింపిక్ స్వర్ణం 1988లో రే మర్సర్‌ది. ఇన్నేళ్లలో ఆ దేశంలో పెద్ద ఒళ్లు పుట్టడం ఆగిపోయిందా? లేదు. వేరే ఆటల్లోకి వెళ్లాయి.

మామయ్య: ఇప్పుడు నువ్వు నా మాటకే వచ్చావు. ఎందుకు వెళ్లాయో ఆలోచించు. 1934 నుంచి 1946 దాకా ఆ ఫుట్‌బాల్ లీగులో నల్లవాణ్ణి రానివ్వలేదు. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా పెద్ద బేస్‌బాల్ లీగులో లేడు. బాస్కెట్‌బాల్‌లో 1950 దాకా లేడు. బలమైన నల్ల కుర్రాడికి తెరిచి ఉన్న తలుపు బాక్సింగ్ ఒక్కటే. మిగతావి తెరుచుకున్నాయి, అటు పోయాడు. ఆకలి అని నేనన్నది అన్నం లేకపోవడమొక్కటే కాదురా. ఇంకో దారి లేకపోవడం. ముక్కు పగలగొట్టించుకునే బతుకుని, ఇంకో బతుకు దొరికినవాడెవడూ కోరుకోడు.

మేనల్లుడు: ఈ మాట మాత్రం కాదనలేను మామయ్యా. అయితే ఆ ఒక్క తలుపు కూడా సరిగ్గా తెరిచి లేదు. సలివాన్ నల్లవాళ్లతో పోటీ చేయనని బాహాటంగా చెప్పాడు. నల్ల బాక్సర్ జాక్ జాన్సన్ 1908లో సిడ్నీ దాకా వెంటపడితే గాని అప్పటి చాంపియన్ టామీ బర్న్స్ బరిలోకి దిగలేదు. 1915లో జాన్సన్ ఓడిపోయాక 1937లో జో లూయిస్ గెలిచేదాకా, ఇరవై రెండేళ్లు, నల్లవాడికి టైటిల్ పోటీయే ఇవ్వలేదు. హ్యారీ విల్స్ ఏళ్ల తరబడి డెంప్సీ కోసం ఎదురుచూసి ముసలివాడైపోయాడు. ఆ ఇరవై రెండేళ్ల చాంపియన్ల జాబితా చూసి, తెల్లవాళ్లే గట్టివాళ్లనుకున్న జనం అప్పట్లో లక్షలమంది. ఆ జాబితా చెప్పింది ఎవరికి బలం ఉందో కాదు, ఎవరిని రానిచ్చారో. నా వాదన మొత్తం ఇక్కడే ఉంది. దేశాల వారీగా చాంపియన్లని లెక్కపెట్టి జాతి గురించి, రక్తం గురించి మాట్లాడేవాళ్లు అదే పొరపాటు మళ్లీ చేస్తున్నారు.

మామయ్య: క్యూబా గురించి చెప్పబోతున్నావు కదూ.

మేనల్లుడు: చెప్పకుండా ఎలా ఉంటాను? టెయోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచాడు. ఫెలిక్స్ సావోన్ 1992, 1996, 2000. కోటి జనాభా ఉన్న దీవి. క్యాస్ట్రో ప్రభుత్వం 1962లో ప్రొఫెషనల్ క్రీడల్ని నిషేధించింది. అలీతో పోటీకి లక్షల డాలర్లు ఇస్తామంటే స్టీవెన్సన్ వద్దన్నాడు. ప్రొఫెషనల్ చాంపియన్ల జాబితాలో వీళ్లిద్దరి పేర్లూ లేవు. క్యూబాకి హెవీవెయిట్లు లేరని ఎవడైనా అనగలడా? ఆ స్టీవెన్సన్‌ని రెండుసార్లు ఓడించిన సోవియట్ బాక్సర్ ఇగోర్ విసోట్స్కీ పేరు మన దేశంలో ఎంతమందికి తెలుసు?

మామయ్య: విన్నట్టే లేదు.

మేనల్లుడు: వినకపోవడానికి కారణం అతని పిడికిలి కాదు. సోవియట్ యూనియన్‌లో ప్రతి జిల్లాలో పిల్లల క్రీడా పాఠశాలలు, ఉచిత శిక్షణ, సర్కారు జీతం తీసుకునే కోచ్. ప్రొఫెషనల్ రింగుకి మాత్రం దారి లేదు. 1991లో దేశం కూలింది. కోచ్‌లు, జిమ్‌లు మిగిలాయి, సరిహద్దులు తెరుచుకున్నాయి. పదిహేనేళ్లు గడిచేసరికి, 2006లో, నాలుగు బెల్టులూ పాత సోవియట్ మనుషుల దగ్గరే ఉన్నాయి. వలూయెవ్, మస్కాయెవ్, లియాఖోవిచ్, వ్లాదిమిర్ క్లిచ్కో. పదిహేనేళ్లలో ఒక జాతి ఒళ్లు మారిపోతుందా? క్లిచ్కోల తండ్రి వైమానిక దళంలో అధికారి. కొడుకులిద్దరూ క్రీడాశాస్త్రంలో డాక్టరేట్లు తీసుకున్నవాళ్లు. మీ ఆకలి సూత్రానికి వాళ్లు ఎక్కడా ఒదగరు. వాళ్లకి బలమైన అమెచ్యూర్ పునాది ఉంది, జర్మనీలో డబ్బు పెట్టే హాంబర్గ్ ప్రమోటరు ఉన్నాడు. రెండూ కలిశాయి.

మామయ్య: అంటే సర్కారు పెంచితేనే పెరుగుతారని. ఇంగ్లండు సంగతేమిటి? అక్కడ కమ్యూనిస్టులు లేరుగా.

మేనల్లుడు: లాటరీ ఉంది. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కి అన్ని ఆటల్లో కలిపి ఒకే ఒక్క స్వర్ణం వచ్చింది. దేశం సిగ్గుపడింది. నేషనల్ లాటరీ డబ్బులో వాటాని ఒలింపిక్ ఆటగాళ్లకి మళ్లించారు. నాలుగేళ్లకే సిడ్నీలో సూపర్ హెవీవెయిట్‌లో ఆడ్లీ హారిసన్ గెలిచాడు. షెఫీల్డ్‌లో జాతీయ శిక్షణ కేంద్రం వచ్చింది. ఆంథొనీ జాషువా పద్దెనిమిదో ఏట లండన్‌లో చిన్న అమెచ్యూర్ క్లబ్బులో అడుగుపెట్టాడు. అయిదేళ్లలో, 2012లో, ఒలింపిక్ బంగారం. 2017లో వెంబ్లీలో క్లిచ్కోతో అతని పోటీకి తొంభై వేలమంది వచ్చారు.

జాషువా మూలాలు నైజీరియాలో ఉన్నాయి. మీరు ఒళ్లన్నారు, ఆకలన్నారు. నైజీరియాలో రెండూ ఉన్నాయి. 1992 బార్సిలోనాలో రెండు పెద్ద బరువుల్లోనూ రజతాలు నైజీరియన్లకే వచ్చాయి, ఇజోన్‌రైటేకి, ఇగ్బినెగూకి. ఆ ఇద్దరి వెనకాల వరస కట్టి రావాల్సిన కుర్రాళ్లని పోషించేవాళ్లు ఇంట్లో లేకపోయారు. అదే రక్తం లండన్‌లో పెరిగితే బ్రిటన్ స్వర్ణమైంది. లెన్నాక్స్ లూయిస్ లండన్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, సియోల్‌లో కెనడా స్వర్ణం గెలిచి, ప్రొఫెషనల్‌గా బ్రిటన్ చాంపియన్ అయ్యాడు. అతను ఏ దేశం చేసిన హెవీవెయిట్ మామయ్యా?

మామయ్య: అలా అడిగితే చెప్పడం కష్టమేరా. కానీ ఒకటి గమనించాను. జాషువా పద్దెనిమిదికి వచ్చాడు, వైల్డర్ ఇరవైకి, ఫోర్‌మన్ కూడా ఆలస్యంగానే. ఉసిక్ కూడా సాకర్ ఆడి పదిహేనుకి వచ్చాడు. చిన్న బరువుల్లో ఇది కుదరదు. అక్కడ పదేళ్లకే గ్లవ్స్ తొడగకపోతే తర్వాత అందుకోలేరు.

మేనల్లుడు: అందుకే హెవీవెయిట్ల చరిత్రలో జైళ్లు, సైన్యాలు, జాబ్ కోర్‌లు ఇంతగా కనిపిస్తాయి. పెద్ద ఒళ్లు ఆలస్యంగా పక్వానికి వస్తుంది, పోటీపడేవాళ్లు తక్కువ. పద్దెనిమిదేళ్ల భారీ కుర్రాళ్లని ఒకచోట చేర్చే ఏ సంస్థ అయినా ఒక మంచి కోచ్‌ని పెట్టుకుంటే చాలు. మన దేశమే సాక్ష్యం. హవా సింగ్ 1966, 1970 ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచాడు. కౌర్ సింగ్ 1982లో ఢిల్లీలో గెలిచాడు, అంతకు ముందే అలీతో ఎగ్జిబిషన్ బౌటు ఆడాడు. సతీశ్ కుమార్ మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన తొలి సూపర్ హెవీవెయిట్. ముగ్గురూ సైనికులే, ముగ్గురూ సైన్యంలో చేరాకే బాక్సర్లయ్యారు. నూటనలభై కోట్ల దేశంలో పొడుగాటి కుర్రాళ్లని రింగు కోసం వెతుకుతున్న పెద్ద సంస్థ ఇంచుమించు అదొక్కటే.

మామయ్య: మన దగ్గర కూడా నిజామాబాద్ ఉంది. నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్, హుసాముద్దీన్ 2023లో ప్రపంచ కాంస్యం. ఒకే ఊరు, ఇద్దరికీ మొదటి గురువు హుసాముద్దీన్ తండ్రే. నీ కోచ్ వాదనకి అది బాగానే కలిసొస్తుంది. నా సర్వీసులో మాత్రం పొడుగాటి కుర్రాడు కనిపిస్తే వాలీబాల్ కోర్టుకి, లావుపాటివాడు కనిపిస్తే షాట్‌పుట్‌కి పంపేవాళ్లం. బాక్సింగ్ అనే మాటే ఎవరి నోటా వచ్చేది కాదు.

కానీ నన్ను అసలు వేధించే ప్రశ్న వేరే ఉంది. హెవీవెయిట్లు తగ్గిన దేశాన్ని చూసి జాలిపడాలా? అమెరికా నల్ల కుర్రాడికి వేరే దారులు దొరికాయి. స్వీడన్ 1959లో ఇంగెమార్ జోహాన్సన్‌ని చాంపియన్‌గా చూసి కూడా, 1970లో ప్రొఫెషనల్ బాక్సింగ్‌నే నిషేధించింది, మూడున్నర దశాబ్దాలు నిలబెట్టింది. నార్వే 1981లో నిషేధించింది. తొంభై కేజీల మనిషి తల మీద గుద్దితే లోపల ఏమవుతుందో వాళ్లు ఆలోచించారు. అలీకి 1984లో, నలభై రెండేళ్లకే, పార్కిన్సన్స్ అని తేల్చారు. 1996లో అట్లాంటాలో జ్యోతి వెలిగిస్తుంటే ఆ చెయ్యి వణకడం చూసి నేను ఏడ్చాను. ఎక్కువమంది హెవీవెయిట్లని ఇచ్చే దేశం, ఎక్కువమంది కుర్రాళ్ల మెదళ్లని పణంగా పెట్టిన దేశం కూడా.

మేనల్లుడు: ఫుట్‌బాల్‌కి పోయినవాళ్ల మెదళ్లు కూడా దెబ్బతింటున్నాయి మామయ్యా.

మామయ్య: తింటున్నాయి, తెలుసు. ఒక తప్పుకి ఇంకో తప్పు జవాబు కాదు.

మేనల్లుడు: నిషేధించినంత మాత్రాన కొట్లాట ఆగదు. డబ్బుకోసం ఎక్కడో గోదాములో, డాక్టరు లేకుండా కొట్లాడతారు. నిజంగా మెదడు మీద దయ ఉంటే డబ్బు అక్కడ పెట్టాలి. టోక్యో ఒలింపిక్స్‌లో సతీశ్ కుమార్ క్వార్టర్ ఫైనల్లో దిగినప్పుడు ముందు బౌటులో చిట్లిన కనుబొమ మీద, గడ్డం మీద కుట్లు ఉన్నాయి. ఎదురుగా ఉజ్బెకిస్తాన్‌వాడు బఖొదిర్ జలోలోవ్. మూడు రౌండ్లూ నిలబడ్డాడు, అయిదుగురు జడ్జీలూ జలోలోవ్‌కే ఇచ్చారు. జలోలోవ్ ఆ ఏడాది స్వర్ణం, మళ్లీ 2024 పారిస్‌లో స్వర్ణం. మూడున్నర కోట్ల జనాభా ఉన్న ఆ ఉజ్బెకిస్తాన్ పారిస్‌లో బాక్సింగ్‌లోనే అయిదు బంగారాలు తీసుకుంది. సతీశ్ గుండెకి లోటేం లేదు. అతని వెనకాల ఇంకో పదిమంది లేరు. జలోలోవ్ వెనకాల వరస ఉంది.

మామయ్య: ఆకలి లేకుండా ఎవడూ దెబ్బలు తినడానికి రాడన్న మాట నేను వదులుకోను. వచ్చినవాణ్ణి చూసుకునే మనిషి ఉండాలన్న నీ మాట ఒప్పుకుంటాను. అందుకే ఇంకా సర్వీసులో ఉన్న మాస్టార్లకి, జూనియర్ కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లకి నా మాటగా ఇది రాయి. ఇంటర్ చదువుతున్న ఆరడుగుల మూడంగుళాల కుర్రాడు మీ మైదానంలో కనిపిస్తే, గ్లవ్స్ అంటే సరదా ఉందేమో అడగండి. ఉందంటే, లైసెన్సున్న కోచ్ దగ్గరికి, ప్రతి బౌటుకీ డాక్టరు ఉండే చోటికి మాత్రమే పంపండి. అతని పుస్తకాలు మాత్రం అటకెక్కించకండి. ఇవి ఏర్పాటు చేయలేకపోతే పంపకండి, వాలీబాల్ ఆడనివ్వండి.